స్కాట్లండ్ హైలాండ్స్‌లో చిన్న ఊరు. ఫ్యామిలీతో పోతే బతకగలమా?

కాజీపేట_జంక్షన్:
నమస్తే అందరికీ. మాది హన్మకొండ. మా ఆవిడకు స్కాట్లండ్‌లో ఒక కేర్ హోమ్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. ఎడింబరో, గ్లాస్గో అయితే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు, ఇది పైన హైలాండ్స్ అనే కొండల ప్రాంతంలో, అల్లపూల్ అనే చిన్న పట్నం దాటిన తర్వాత వచ్చే ఊరు. మ్యాప్‌లో ఎంత దగ్గరికి లాగినా ఒక రోడ్డు, ఒక చర్చి, మిగతాదంతా నీళ్ళూ గుట్టలే. బాబుకు ఆరేళ్ళు. ఆస్పత్రి, బడి, కిరాణా, బస్సు, నెట్... ఇవన్నీ ఎట్లుంటాయి? నాకు ఉన్న చోటు నుంచే పని చేసుకునే వీలుంది కాబట్టి నెట్ ముఖ్యం. మా అమ్మకు మాత్రం ఒకటే టెన్షన్, "కొత్తిమీర కట్ట కావాలంటే ఎంత దూరం పోవాలిరా" అని. నవ్వకండి, నేనూ అదే అడుగుతున్నాను.

ఐవీ26_లో_అక్క:
తమ్ముడూ, మాది పరకాల, ఇక్కడికొచ్చి ఆరేళ్ళు. మీ అమ్మగారి ప్రశ్నే అసలు ప్రశ్న. కొత్తిమీర కోసం ఇన్వర్నెస్ సిటీకి పోవాలి, అల్లపూల్ నుంచే 90 కిలోమీటర్లకు పైన. అల్లపూల్‌లో సూపర్ మార్కెట్ ఉంది కానీ మన సరుకులు ఏవి ఎప్పుడు ఉంటాయో చెప్పలేం. నేను కుండీలో ధనియాలు చల్లుకుంటాను.

ఇక్కడ వసతులు లేవు అనుకోకు, ఉన్నాయి, కాకపోతే చాలావరకు చక్రాల మీద తిరుగుతుంటాయి. మా ఊరికి లైబ్రరీ వ్యాన్ కొన్ని వారాలకోసారి వస్తుంది, చేపల వ్యాన్ గురువారం, పోస్టాఫీసు వారంలో రెండు పూటలు ఊరి హాల్‌లో బల్ల వేసుకుని కూర్చుంటుంది. మన దగ్గర అంగడి రోజు ఎట్లనో అట్ల, రోజు తప్పితే మళ్ళీ దాకా ఆగాల్సిందే. మొదటి ఏడాది నేను తప్పిన వ్యాన్‌లకు లెక్కలేదు.

బడి గురించి బేఫికర్. పిల్లలు తక్కువ, రెండు మూడు క్లాసులు ఒకే గదిలో కూర్చుంటారు, అయిదో ప్రైమరీ దాకా మధ్యాహ్నం భోజనం అందరికీ ఫ్రీ. చిన్న జ్వరాలకు ఊరి డాక్టరు చాలు. మందుల షాపు లేని ఊళ్ళలో ఆ డాక్టరు దగ్గరే మందులూ ఇస్తారు, స్కాట్లండ్‌లో ప్రిస్క్రిప్షన్ మందులకు 2011 నుంచి పైసా తీసుకోరు. పెద్దదేమైనా అయితే ఇన్వర్నెస్‌లోని రెయిగ్‌మోర్ ఆస్పత్రి, మరీ అర్జెంటు అయితే హెలికాప్టర్. పంటి డాక్టరు మాత్రం దొరకడం కష్టం, పళ్ళ పని ఏదైనా ఉంటే హన్మకొండలోనే చేయించుకుని రండి.

ఆన్‌లైన్‌లో కొనుక్కుంటాం కదా అనుకుంటావేమో. నేను వచ్చిన కొత్తలో మిక్సీ ఆర్డర్ పెట్టాను, దేశమంతా ఫ్రీ డెలివరీ అని పెద్ద అక్షరాలతో రాశారు, తీరా ఐవీ తో మొదలయ్యే పిన్ కోడ్ కొట్టగానే అదనంగా డబ్బులు అడిగింది, పైగా మాది దీవి అట! ఇంట్లోంచి ఇన్వర్నెస్ దాకా రోడ్డు మీదనే పోతున్నాను కదా, ఏ దీవి? ఈ బాధ హైలాండ్స్‌లో అందరిదీ.

తాడ్వాయి_సారు:
స్కాట్లండ్ గురించి నాకు తెలియదు కానీ అక్క రాసింది చదువుతుంటే మా ఏజెన్సీ ఊరే గుర్తొచ్చింది. సిగ్నల్ కోసం వాటర్ ట్యాంక్ ఎక్కడం, వాగు పొంగితే అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగడం, ఇవన్నీ మాకు అలవాటే. నా సలహా ఒకటే, పోయే ముందు ఆ ఇంటి పిన్ కోడ్ పెట్టి ఏ నెట్‌వర్క్ వస్తుందో చూసుకోండి, ఇంటి ఓనర్‌ను నెట్ స్పీడ్ ఫొటో పంపమనండి. నోటిమాట నమ్మి పోతే మీ ఉద్యోగం గోవిందా.

కాజీపేట_జంక్షన్:
థ్యాంక్స్ అక్కా, సార్. కారు తప్పదా? చలి సంగతేంటి? అమ్మను కొన్నాళ్ళు తీసుకెళ్ళొచ్చా?

ఐవీ26_లో_అక్క:
కారు తప్పదు. మన లైసెన్సు మీద 12 నెలలు నడపొచ్చు, ఆలోపు ఇక్కడి టెస్టు పాసవ్వాలి. ఊళ్ళ రోడ్లు ఒక్క బండి పట్టేంతే ఉంటాయి, మధ్యమధ్యలో పక్కకు జరగడానికి కాస్త చోటు వదులుతారు, అక్కడ ఆగి ఎదుటివాళ్ళకు దారిచ్చి చెయ్యి ఊపాలి. ఆ చోట్లలో పార్కింగ్ చేశావా, ఊరు ఊరంతా నీ బండి నంబర్ గుర్తుపెట్టుకుంటుంది. రాత్రిపూట జింకలు అడ్డమొస్తాయి, స్పీడ్ వద్దు.

చలి కన్నా చీకటి కష్టం. డిసెంబర్‌లో పొద్దున తొమ్మిదికి తెల్లారి, మూడున్నరకే పొద్దుగూకుతుంది. జూన్‌లో అంతా ఉల్టా, రాత్రి పదకొండుకు కూడా వెలుగు, బాబును పడుకోబెట్టడం నీ వల్ల కాదు, మందపాటి కర్టెన్లు కొను. ఎండాకాలంలో మిడ్జ్‌లని నుసుముల్లాంటివి గుంపులుగా మీద పడతాయి. గ్యాస్ పైపు ఉండదు, ఇల్లు వెచ్చగా ఉంచడానికి చాలా ఇళ్ళకు పెరట్లో ట్యాంకు, అందులో కిరోసిన్ లాంటి నూనె, ఒక్కసారే 500 లీటర్లు పోయించుకోవాలి, ఆ బిల్లుకు ముందే డబ్బు పక్కన పెట్టు. తుఫానొస్తే కరెంటు పోతుంది, టార్చి, క్యాంపింగ్ స్టవ్ తప్పనిసరి. ఇడ్లీ పిండి పులియదు, వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరలో రాత్రంతా పెడితే పొద్దునకు గిన్నె నిండా పొంగుతుంది.

అమ్మను విజిటర్ వీసా మీద ఆరు నెలల దాకా తేవచ్చు, ఇన్సూరెన్స్ మాత్రం తప్పకుండా తీసుకో, ఆస్పత్రిలో చేరాల్సి వస్తే బిల్లు తడిసి మోపెడవుతుంది. సకినాలు, కారప్పొడి, చింతపండు ఎన్నైనా తెచ్చుకోండి. నెయ్యి వద్దు, ఇండియా నుంచి పాల పదార్థాలు తేనివ్వరు.

కాజీపేట_జంక్షన్:
అయ్యో, అమ్మ అప్పుడే రెండు కిలోల వెన్న కాచింది అక్కా.