అమ్మ కనకాంబరాలు మళ్లీ మొలిచాయి, తెచ్చుకుంటే బతుకుతాయా?

అమ్మ పోయి రెండేళ్లయింది. పర్లాకిమిడిలో మా ఇంటికి అప్పట్నుంచి తాళమే. మొన్న వానలు పడ్డాక వెళ్లి పెరటి తలుపు తీస్తే నూతి గట్టు వెంబడి కనకాంబరం మొక్కలు! లెక్కపెట్టాను, పదిహేడు. తల్లిమొక్కలు ఎప్పుడో ఎండిపోయాయి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ గుమ్మంలో కూర్చుని, అరటినార తడుపుకుని మాల కట్టేది. రెండు పూలు ఇటు, రెండు అటు, మధ్యలో మరువం రెబ్బ. కనకాంబరానికి వాసన ఉండదు కదా, ఆ లోటు మరువం తీర్చేది. టెక్కలిలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లే రోజు ఆ మాల అరటాకులో చుట్టుకుని చిన్నబండి ఎక్కేవాళ్లం. 2004లో నారోగేజ్ ఆపేసేదాకా మాకు అదే బండి. ఎంత నెమ్మదిగా వెళ్లినా పూలు వాడేవి కావు. అదే మల్లెలైతే దారిలోనే అయిపోయేవి.

ఇల్లు అమ్మేద్దామంటున్నాడు అన్నయ్య. నాకు అదే టెన్షన్. కొన్ని మొక్కలైనా బరంపురం తెచ్చి కుండీల్లో పెట్టుకోవాలనుంది. పెంచినవాళ్లు చెప్పండి. మీ పెరటి పూల కబుర్లు కూడా రాయండి.

జయపురం నుంచి:
నిక్షేపంగా బతుకుతాయమ్మా. వాటంతట అవే మొలిచాయంటే మీ అమ్మగారిది గింజ కట్టే నాటురకం. ఢిల్లీ కనకాంబరమైతే గింజ కట్టదు, కొమ్మ నాటాల్సిందే. నాలుగారు ఆకులున్నవి చూసి, సాయంత్రం పూట వేరు చుట్టూ మట్టితో సహా తీయండి. వారం రోజులు నీడన ఉంచండి. కుండీలో నీళ్లు నిలవకూడదు. మొక్క పసుపుబారి గిడసబారితే వేళ్లు చూడండి, బుడిపెలుంటే నులిపురుగు పట్టినట్టే. పక్కన బంతి వేస్తే కొంత మేలు. అన్నీ ఒకేసారి తీయకండి, సగం అక్కడే ఉండనివ్వండి.

రాయగడ నుంచి:
మీరు రాసింది చదవగానే మా పారిజాతం గుర్తొచ్చింది అక్కా. పక్కింటి ఒడియా మావుసి ఇచ్చిన మొక్క. ఆవిడ గంగశివుళి అనేది, మా మామ్మ పారిజాతం అనేది. దసరా రోజుల్లో తెల్లారేసరికి చెట్టుకింద నేల కనబడేది కాదు. రాలిన పువ్వు దేవుడికి పెట్టకూడదంటారు గానీ, దీనికి ఆ పట్టింపు లేదు. అయినా మామ్మ ముందురాత్రే ఉతికిన పాతచీర పరిచి ఉంచేది. మిగిలిన పూల నారింజరంగు కాడలు గిల్లి, ఎండబెట్టి, వాటిని మరిగించిన నీళ్లలో నా రుమాలు ముంచేది. ఆ రుమాలు వెలిసిపోయింది, కానీ ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

అడిగినావిడ:
ఆదివారం తొమ్మిది తెచ్చాను, ఎనిమిది నిలబడ్డాయి. ఎండిన వెన్నుల మీద నీళ్లు చల్లితే కాయలు టప్‌మని పేలేవి, చిన్నప్పుడు మాకదే ఆట. "గింజలు పాడుచేయకండర్రా" అని అమ్మ కేకలేసేది. ఎవరూ లేని ఇంట్లో ఆ నీళ్లేవో వానే చల్లినట్టుంది. వంటింటి గూట్లో అమ్మ దాచిన కాగితం పొట్లం కూడా దొరికింది, నిండా ఎండు వెన్నులు. ఒకటి మా అమ్మాయి అరచేతిలో పెట్టి నీళ్లు చిలకరించాను. కాసేపటికి టప్‌మంది. గింజ ఎగిరి స్టవ్ కిందకి పోయింది. ఇంకా వెతుకుతోంది.