అతి చిన్న క్షీరదం ఏది? చుంచా, గబ్బిలమా?

వనమిత్ర: ఎట్రస్కన్ చుంచే అతి చిన్న క్షీరదమని ఒకచోట, థాయిలాండ్ కిట్టి గబ్బిలమని ఇంకోచోట చదివాను. ఏది ఒప్పుకోవాలి?

గుహవాసి: గబ్బిలమే. 1974లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ జీవి ఒళ్ళు మూడు సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ. చుంచుకి తోక వదిలేసి కొలిచినా మూడున్నర నుంచి ఐదు దాకా వస్తుంది. పుర్రె కూడా గబ్బిలానిదే చిన్నది.

పొదచాటు: ఆ పొడవులో ముక్కు ఎంతో చూశారా? చుంచు ముట్టె కింది దవడ దాటి ముందుకు సాగి, నిలకడ లేకుండా కదులుతుంటుంది. దాని చుట్టూ దట్టంగా మీసాలు. చూపు అంతంతమాత్రమే. చీకట్లో కీచురాయిని ఆ మీసాల తాకిడితోనే పసిగట్టి పట్టేస్తుంది. అంత ముక్కును కొలతలో కలిపేసి "పెద్దది" అంటే నేనొప్పుకోను. బరువు చూడండి, సగటున 1.8 గ్రాములు!

చిరుగాలి: ఇంత చిన్న ఎలుక కూడా ఉందా?

పొదచాటు: ఎలుక కాదండీ, దయచేసి కలపొద్దు. ఎలుకకుండే ఉలిపళ్ళు దీనికి లేవు. 30 పళ్ళు, పురుగుల పెంకు చీల్చడానికి పనికొచ్చే సూది మొనలు. బూడిద కలిసిన గోధుమరంగు బొచ్చు, బయటికి కనిపించే చెవులు, తోక మీద అక్కడక్కడా పొడుగు వెంట్రుకలు. 1822లో ఇటలీకి చెందిన పావ్లో సావీ దీన్ని వర్ణించారు.

గుహవాసి: బరువు దగ్గరికే వద్దాం. గబ్బిలమూ రెండు గ్రాములే. చుంచుల్లో 1.2 గ్రాములవీ ఉన్నాయి, రెండున్నర దాటినవీ ఉన్నాయి. రెండింటి హద్దులూ ఒకదాని మీదొకటి పడుతుంటే సగటు పట్టుకుని కిరీటం ఎలా పెడతారు?

పొదచాటు: ఒంటి పనితీరును నడిపేది బరువే కాబట్టి. ఒళ్ళు ఎంత చిన్నదైతే, బరువుతో పోలిస్తే చర్మం అంత ఎక్కువ, వేడి అంత త్వరగా పోతుంది. అందుకే దీని గుండె నిమిషానికి 1,500 సార్లు దాకా కొట్టుకుంటుంది, రోజూ తన బరువుకి మించి తింటుంది. తిండి దొరక్కపోతే ఒళ్ళు చల్లబరుచుకుని మొద్దునిద్రలోకి జారుతుంది. ఈ అవస్థంతా బరువు తెచ్చిపెట్టిందే, పొడవు కాదు.

గుహవాసి: రోజుకి తన బరువుకి మించి తినేదాన్ని తిన్నాక తూచారా, తినకముందు తూచారా? అది రాయని పట్టికను నేను లెక్కలోకి తీసుకోను. పొడవుకి ఆ చిక్కు లేదు.