22.04లో కట్టిన పైథాన్ ప్రోగ్రాం 20.04 సర్వర్‌లో నడవడం లేదు

ప్రశ్న:
రైస్ మిల్లు వేబ్రిడ్జి నుంచి రోజూ వచ్చే సీఎస్‌వీ ఫైళ్లను చదివి, లారీల వారీగా తూకాల పట్టిక తయారుచేసే పైథాన్ స్క్రిప్టు రాశాను. పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీ వాడాను. మిల్లు సర్వర్‌లో ఉబుంటు 20.04 ఉంది. ఇంటర్నెట్ లేదు, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. అందుకని ఉబుంటు 22.04 ఉన్న నా ల్యాప్‌టాప్‌లో పైథాన్ ప్రోగ్రాంను దానికి కావలసిన వాటితో కలిపి కట్టే పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా కట్టి పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లాను. నడపగానే జీలిబ్‌సీ (ఉబుంటులో దాదాపు అన్ని ప్రోగ్రాంలూ ఆధారపడే మూల సీ లైబ్రరీ) 2.35 దొరకలేదంటూ ఆగిపోయింది. కావలసినవన్నీ లోపలే ఉంటాయి కదా, ఇంకా సర్వర్‌ను ఏమి అడుగుతోంది? వేరే సిస్టమ్ వాతావరణాన్ని కంటైనర్‌గా నడిపే డాకర్‌తో కట్టమని ఒకరు చెప్పారు. సర్వర్‌లో డాకర్ కూడా లేదు.

జవాబు:
అన్నీ లోపల ఉండవండీ. పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను, మీ లైబ్రరీలను పైఇన్‌స్టాలర్ సర్దుతుంది. జీలిబ్‌సీని మాత్రం వదిలేస్తుంది. ఏ యంత్రంలో నడిస్తే ఆ యంత్రానిదే వాడుకోవాలి. ఉబుంటు 22.04లో అది 2.35, 20.04లో 2.31. పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. పాండాస్‌ను అనుమానించకండి. పిప్‌లో వచ్చే వీల్ ఫైళ్లను (ముందే కట్టిన లైబ్రరీ ప్యాకేజీలను) పాత జీలిబ్‌సీలకు సరిపోయేలాగే కడతారు. ఎర్రర్ చివర లిబ్‌పైథాన్ 3.10 (పైథాన్ షేర్డ్ లైబ్రరీ) పేరు ఉందేమో చూడండి. ఉంటే 2.35 కావాలంటున్నది ఉబుంటు 22.04తో వచ్చిన పైథానే.

డాకర్ కట్టేచోట ఉంటే చాలు. డాకర్ హబ్‌లోని అధికారిక పైథాన్ ఇమేజ్‌లలో 3.11 బుల్స్‌ఐ తీసుకోండి. అది డెబియన్ 11, జీలిబ్‌సీ సరిగ్గా 2.31. స్లిమ్ అనే కుదించిన రకం వద్దు, పైఇన్‌స్టాలర్‌కు అవసరమైన ఆబ్జ్‌డంప్ అనే టూల్ అందులో లేదు. ఆల్పైన్ లైనక్స్ మీద చేసిన ఇమేజ్ అసలే వద్దు. చిన్నగా ఉందని చాలామంది దాని వెంట పడతారు గానీ, అందులో జీలిబ్‌సీ బదులు ఉన్నది మజల్ అనే వేరే సీ లైబ్రరీ. అక్కడ కట్టింది ఉబుంటులో నడవదు.

ప్రాజెక్టు ఫోల్డర్‌ను కంటైనర్‌లోకి మౌంట్ చేసి, పిప్, పైఇన్‌స్టాలర్ రెండూ లోపలే నడపండి. ల్యాప్‌టాప్‌లో చేసుకున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను అక్కడ వాడకండి, దాని లింకులు ల్యాప్‌టాప్ పైథాన్ వైపే చూస్తుంటాయి. డిస్ట్ ఫోల్డర్ రూట్ పేరున వస్తుంది, చోన్ కమాండ్‌తో మీ పేరుకు మార్చుకోండి.

ప్రశ్న వేసినవారు:
ఆ ఎర్రర్ పోయింది, చాలా థాంక్సండీ. ఇప్పుడు లైబ్రరీని మెమరీలోకి మ్యాప్ చేయడానికి అనుమతి లేదంటోంది. ఇదే ఫైలు వేరే 20.04 యంత్రంలో చక్కగా నడుస్తోంది.

జవాబు:
వన్‌ఫైల్ పద్ధతిలో కట్టిన ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ టీఎంపీ ఫోల్డర్‌లోకి విప్పుకుని, అక్కడి నుంచి లైబ్రరీలను ఎక్కించుకుంటుంది. మీ సర్వర్‌లో టీఎంపీని నోఎగ్జెక్‌తో, అంటే అక్కడి ఫైళ్లను నడపనివ్వని ఆప్షన్‌తో, మౌంట్ చేసి ఉంటారు. మౌంట్ కమాండ్ కొడితే తెలిసిపోతుంది. దాన్ని తీసేయమని సర్వర్ చూసేవారిని అడగకండి, అది మంచి జాగ్రత్త. వన్‌డిర్‌తో, అంటే ఒక ఫోల్డర్‌గా కట్టి, ఫోల్డర్ మొత్తాన్ని టార్ చేసి తీసుకువెళ్లండి. ఒకే ఫైలు అన్న ముచ్చట తీరదు గానీ, విప్పుకునే పని ఉండదు కాబట్టి త్వరగా మొదలవుతుంది. సర్వర్లకైతే నేను ఎప్పుడూ వన్‌డిర్ వైపే.

మరొకరు:
మా దగ్గర సెంట్ఓఎస్ 7, జీలిబ్‌సీ 2.17. దానికి పాత లైనక్స్‌లలోనూ నడిచే వీల్ ఫైళ్లను కట్టే మెనీలైనక్స్ 2014 ఇమేజ్ సరిపోతుందా?

జవాబు:
జీలిబ్‌సీ సరిపోతుంది, పైథాన్ సరిపోదు. ఆ ఇమేజ్‌లోని పైథాన్‌లకు షేర్డ్ లైబ్రరీ ఉండదు, అది లేకపోతే పైఇన్‌స్టాలర్ ముందుకు సాగదు. ఎనేబుల్ షేర్డ్ ఆప్షన్‌తో మీరే పైథాన్‌ను కంపైల్ చేసుకోవాలి. 3.10 నుంచి పైథాన్‌కు ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ కనీసం 1.1.1 కావాలి, సెంట్ఓఎస్ 7తో వచ్చేది 1.0.2. కాబట్టి ముందు ఓపెన్ఎస్ఎస్ఎల్ సంగతి చూసుకోండి. అసలు ఆ సిస్టమ్‌కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. సర్వర్ మార్చే వీలుంటే ఈ శ్రమ అక్కడ పెట్టండి.