అప్‌డేట్: వీణ ప్రీయాంప్‌లో కరకర పోయింది

వీణ పీజో పికప్‌కి (కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే సెన్సర్) ఎన్‌ఈ5532 అనే ఆప్‌యాంప్ చిప్‌తో కట్టిన ప్రీయాంప్‌లో (సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) వాల్యూమ్ తిప్పితే కరకరమంటోందని అడిగాను కదా, సమస్య తీరింది. ఇన్‌పుట్ బయాస్ కరెంట్ (చిప్ ఇన్‌పుట్‌లో ఎప్పుడూ పారే చిన్న కరెంట్) చూడమన్నవారికి చాలా థాంక్స్, అసలు సంగతి అదే.

ఎన్‌ఈ5532 బయాస్ కరెంట్ దాదాపు 200 నానోయాంపియర్లు. ఇన్‌పుట్‌లో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంది కాబట్టి అక్కడే 0.2 వోల్టుల డీసీ (మారని వోల్టేజ్). గెయిన్ 11 (అన్ని రెట్లు పెంచుతుంది), అంటే అవుట్‌పుట్‌లో 2 వోల్టులు దాటి నేరుగా వాల్యూమ్ పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్) మీదికి, కరకర దానివల్లే! మల్టీమీటర్‌లో సరిగ్గా అంతే కనిపించింది.

అదే సాకెట్‌లో టీఎల్072 అనే మరో ఆప్‌యాంప్ పెట్టాను. జేఫెట్ (దాదాపు కరెంట్ తీసుకోని ట్రాన్సిస్టర్ రకం) ఇన్‌పుట్ కాబట్టి బయాస్ కరెంట్ పికోయాంపియర్లలోనే (పికో అంటే నానోలో వెయ్యో వంతు) ఉంటుంది. డీసీ కొన్ని మిల్లీవోల్టులకు పడిపోయింది, మంద్రస్థాయి కూడా శుభ్రంగా వినిపిస్తోంది. చిప్ మార్చకముందు కొత్త పాట్, షీల్డెడ్ కేబుల్ వేసి చూసినా తేడా రాలేదు. ఎన్‌ఈ5532 మంచి చిప్పే, తక్కువ ఇంపీడెన్స్ (కరెంట్‌కి ఉండే అడ్డు) ఉన్న సోర్స్‌కి దాన్నే వాడతాను.