జీన్ గ్రే చావక తప్పదా? ఎక్స్-మెన్ 137 చదివాక నిద్ర పట్టలేదు

ఓరుగల్లు_కుర్రాడు (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఎక్స్-మెన్ అనే అతీత శక్తుల జట్టు కామిక్స్‌లోని డార్క్ ఫీనిక్స్ కథ నిన్న రాత్రి అయిపోయింది. దసరాకి వచ్చినప్పుడు మా బావ ఇచ్చి వెళ్ళిన పుస్తకం. మొదటి భాగాలన్నీ కాలేజీ బస్సులో కొంచెం కొంచెంగా చదివాను కానీ, ఆఖరిది, 1980 సెప్టెంబర్ సంచిక, ఒక్క బిగిన చదివేశాను. పుస్తకం మూసేసరికి ఒంటిగంట దాటింది. లైటు ఆర్పి పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు.

నా బాధ ఇది. ఆ జట్టులోని జీన్ చెడ్డది కాదు కదా. మాస్టర్‌మైండ్ అనేవాడు ఎన్ని రోజుల నుంచో ఆమె మనసులో దూరి, లేని జ్ఞాపకాలు పుట్టించి, హెల్‌ఫైర్ క్లబ్ అనే దుష్టుల ముఠాకి రాణిగా నిలబెట్టాడు. ఆ మాయ విరిగినప్పుడు ఆమెలోని ఫీనిక్స్ అనే మహాశక్తి కట్లు తెంచుకుంది. ఆ తర్వాత ఆకలేసి ఒక నక్షత్రాన్ని మింగేసింది. దాని చుట్టూ తిరిగే డిబారి గ్రహం మీద ఐదు వందల కోట్ల మంది బూడిదయ్యారు. ఘోరమే, కాదనను. కానీ 136వ సంచికలో జట్టు గురువు ప్రొఫెసర్ జేవియర్ ఆ శక్తిని అణిచేశాక మళ్ళీ మామూలు జీన్ అయింది కదా? అప్పుడు వచ్చి షియార్ అనే అంతరిక్ష సామ్రాజ్యం వాళ్ళు "చావాల్సిందే" అంటే ఎట్లా? జట్టు మొత్తం చంద్రుడి మీద ఆమె కోసం ప్రాణాలొడ్డి కొట్లాడింది. ఒక్కొక్కరే పడిపోయారు. చివరికి ఆమే పోయింది. మరి అంత పోరాటం ఎందుకు?

ఇంకోటి. అసలు ముగింపు వేరే ఉండేదని బావ అన్నాడు, నిజమేనా? దాని తర్వాతి 138 చదవాలా, ఇక్కడ ఆపేయాలా?

పాతసంచిక

మీ బావ చెప్పింది నిజమే తమ్ముడూ. క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ ఇద్దరూ కలిసి అల్లిన కథ ఇది. మాటలు క్లేర్‌మాంట్‌వి, బొమ్మలు బర్న్‌వి, ఆ బొమ్మల మీద సిరా గీత టెరీ ఆస్టిన్‌ది. వాళ్ళు మొదట రాసుకున్న ప్రకారం జట్టు ఓడిపోతుంది. షియార్ వాళ్ళు ఒక యంత్రంతో జీన్ తలలోంచి శక్తులన్నీ పీకేస్తారు. మామూలు ఆడపిల్లగా, జట్టులోని తన ప్రియుడు స్కాట్‌తో భూమికి తిరిగొస్తుంది. ఆ పేజీలు గీసేశారు కూడా.

అప్పటి మార్వెల్ ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ అది చూసి ఒప్పుకోలేదు. అంతమందిని చంపిన మనిషిని శక్తి తీసేసి ఇంటికి పంపిస్తే ఆ చనిపోయిన వాళ్ళకి లెక్కేమిటి అని ఆయన వాదన. మాటా మాటా పెరిగి, చివరికి జీన్‌ని చంపేద్దామని తేల్చుకున్నారు. చివరి పేజీలు మళ్ళీ గీశారు. పక్కన పెట్టిన మొదటి ముగింపుని 1984లో విడిగా అచ్చేశారు. అందులో వాళ్ళంతా కూర్చుని దీని గురించి మాట్లాడుకున్న చర్చ కూడా ఉంది. దొరికితే వదలొద్దు.

నా మటుకు నాకు షూటర్ చెప్పిందే న్యాయం. డిబారి వాళ్ళ తరఫున ఆ కథలో మాట్లాడిన మనిషి షియార్ మహారాణి లిలాండ్రా ఒక్కతే. మనకి జీన్ తెలుసు కాబట్టి లిలాండ్రా శత్రువులా కనిపిస్తుంది. డిబారిలో మన చుట్టాలు ఉంటే?

తెనాలి_ఆడపడుచు

నాకు ఈ కథతో ఇరవై ఏళ్ళకు పైబడిన సంబంధం ఉంది, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

1998లో పెళ్ళయ్యి టెక్సాస్ వచ్చాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, రెండేళ్ళు డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పిన అనుభవం. భర్త ఉద్యోగం మీద భార్యకి వచ్చే హెచ్-4 వీసా మీద వచ్చాను కాబట్టి అప్పట్లో ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం రాదు. నడిచి వెళ్ళగలిగిన చోటు ఊరి లైబ్రరీ ఒక్కటే. అక్కడ పిల్లల విభాగం పక్క అరలో టెలిఫోన్ డైరెక్టరీ అంత లావున, గరుకు కాగితం మీద అచ్చేసిన ఎక్స్-మెన్ సంకలనం దొరికింది. అంతా నలుపూ తెలుపే. రంగు అన్నది లేదు.

రంగు లేకపోవడం గురించి ఒక మాట చెప్పాలి. ఫీనిక్స్ బట్టలు ఆకుపచ్చ, డార్క్ ఫీనిక్స్ బట్టలు ఎరుపు. రంగుల్లో చదివిన వాళ్ళకి మార్పు బట్టల్లోనే తెలిసిపోతుంది. నాకు ఆ సాయం లేదు. మొహం చూసి పోల్చుకోవాల్సి వచ్చింది. ఈ బొమ్మలో ఉన్నది జీనా, అదా అని కళ్ళ దగ్గరి సిరా గీతల్ని పట్టి పట్టి చూసేదాన్ని. అలా చూడటం అలవాటయ్యాక 137లో ఒకటి పట్టుకున్నాను.

పోరాటానికి ముందు రాత్రి ఉంది చూడండి. జేవియర్ షియార్ ఆచారం ప్రకారం కాదనడానికి వీల్లేని ద్వంద్వయుద్ధం కోరాక, తెల్లవారే దాకా గడువిస్తారు. ఆ రాత్రి జట్టులో ఒక్కొక్కరూ తమలో తాము తర్కించుకుంటారు. ఈమె కోసం పోరాడటం ధర్మమేనా, అంతమంది చనిపోయాక కూడానా అని. ఏంజెల్, బీస్ట్ లాంటి పాత స్నేహితులూ ఉన్నారు, కొత్తవాళ్ళూ ఉన్నారు. తెల్లారేసరికి అందరూ వచ్చి ఆమె పక్కన నిలబడతారు. జీన్ మాత్రం ఫీనిక్స్ బట్టల్లో రాదు. మార్వెల్ గర్ల్ అన్న పేరుతో ఉన్న పాత రోజుల నాటి పొట్టి గౌను, మాస్కు వేసుకుని వస్తుంది. ఆ గౌను ఆకుపచ్చదని, మాస్కు పసుపుదని చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు. గౌను మాత్రం అప్పుడే గుర్తుపట్టాను. మా అమ్మమ్మ పోయేముందు తన పెళ్ళినాటి పట్టుచీర బయటికి తీయించి ఒళ్ళో పెట్టుకుంది. ఆ పేజీ దగ్గర అదే గుర్తొచ్చి ఆగిపోయాను. ఈ పిల్ల తిరిగి వెళ్ళడానికి రాలేదని అప్పుడే అనిపించింది.

చివర్లో స్కాట్ కూడా అదే అర్థం చేసుకుంటాడు. చూడటానికి వచ్చిన క్రీ, స్క్రల్ అనే వేరే గ్రహజాతుల వాళ్ళ మనసులు చదివి, చంద్రుడి మీద ఆ పాత నగరంలో ఏ ఆయుధం ఎక్కడుందో ఆమె ముందే తెలుసుకుంది. స్కాట్ పడిపోగానే ఫీనిక్స్ మళ్ళీ లేస్తుంది. ఇక తనని తాను క్షణక్షణం కాపలా కాసుకుంటూ బతకలేనని చెప్పి, అతను దగ్గరికి రాకుండా శక్తితో ఆపి, ఆ ఆయుధానికి ఎదురు నిలబడుతుంది. షియార్ వాళ్ళు వేసిన శిక్ష కాదది. ఎవరూ ఆమెని చంపలేదు.

ఓరుగల్లు తమ్ముడూ, పోరాటం ఎందుకన్నావు. ఆ నిర్ణయం ఇంకొకరి చేతిలో పడకుండా ఉండటానికే ఆ పోరాటం అని నా నమ్మకం. వాళ్ళు కొట్లాడకపోతే ఆమె ఒక ఖైదీలా పోయేది.

మొదటి ముగింపు గురించి పాతసంచిక గారు రాశారు. 84లో వచ్చిన ఆ పుస్తకం నేనూ తెప్పించుకుని చదివాను. చదివి చాలా సేపు ఏడ్చాను. చావు లేని ముగింపే అది. కానీ తల్లో ఉన్నదంతా తీసేసి, ఇక ఇంటిపట్టున హాయిగా ఉండమ్మా అంటారు. 1998లో నేనలాగే ఉన్నాను. నా చదువు ఎవరూ తీసేయలేదు, వాడటానికే వీల్లేదు. అయినా పొద్దున లేవడం ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు. జీన్‌కి వాళ్ళు చేయబోయింది దానికి వెయ్యి రెట్లు. దాన్ని దయ అని నేను అనలేను.

తెలుగు_మాస్టారు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా అబ్బాయి పుస్తకాల వల్ల నాకూ ఈ కథ తెలుసు. అశ్వత్థామ ఘట్టం గుర్తొచ్చింది. నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపినవాణ్ణి అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. భీముడు చంపమంటాడు. కన్నకొడుకుల్ని పోగొట్టుకున్న ఆ తల్లే వదిలేయమంటుంది. వీడి తల్లి కృపి కూడా నాలాగే ఏడవాలా అని. చివరికి తల గొరిగి, పుట్టుకతో వచ్చిన శిరోమణిని తీసుకుని వెళ్ళగొడతారు. తేజస్సు పోయి మిగిలిన బతుకు.

మొదట రాసుకున్న ముగింపు అచ్చంగా అదే శిక్ష. అశ్వత్థామకి తను చేసింది తప్పని తోచలేదు, కాబట్టి అతనికది చెల్లింది. జీన్‌కి తోచింది. అక్కడే నాకు తేడా కనబడుతుంది. పాతసంచిక గారూ, ద్రౌపది లాగా మాట్లాడటానికి డిబారిలో ఒక్క తల్లీ మిగల్లేదన్న మీ బాధ కూడా నాకు సబబుగానే ఉంది.

ఓరుగల్లు_కుర్రాడు

అక్కా, మీరు రాసింది చదివి పుస్తకం మళ్ళీ తీశాను. గౌను మారిన సంగతి నేను గమనించనే లేదు. రంగుల పుస్తకం చేతిలో పెట్టుకుని కూడా చూడలేదు. స్కాట్‌ని ఆపేసే బొమ్మ దగ్గర ఈసారి చాలాసేపు ఉన్నాను. కోపం తగ్గింది, బాధ తగ్గలేదు.

మరి తర్వాత జీన్ తిరిగొస్తుందంటున్నారు కదా, అది చదవాలా?

పాతసంచిక

వస్తుంది. 1986లో జమైకా బే అడుగున ఒక గూడులాంటి దాంట్లో దొరుకుతుంది. చచ్చిపోయింది జీన్ కాదు, ఆమె రూపం వేసుకున్న ఫీనిక్స్ శక్తి అని చెప్పారు. ఎక్స్-ఫ్యాక్టర్ అనే కొత్త పుస్తకంలో పాత జట్టుని మళ్ళీ కలపడానికి అలా మార్చారు.

తెనాలి_ఆడపడుచు

అది నేను చదివాను, నా మనసు ఒప్పుకోలేదు. గౌను మార్చుకుని వచ్చింది జీనే. నువ్వు కావాలంటే ఇంకో ఏడాదయ్యాక చదువుకో తమ్ముడూ, ఇప్పుడే వద్దు.

138 మాత్రం తప్పకుండా చదువు. జీన్ అంత్యక్రియలతో మొదలవుతుంది. స్కాట్ ఆమె సమాధి దగ్గర నిలబడి, స్కూల్లో చేరిన రోజు నుంచీ జరిగినవన్నీ వరసగా తలుచుకుంటాడు. మా వైపు పదో రోజున అందరూ కూర్చుని పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకున్నట్టే ఉంటుంది. తలుచుకోవడం అయ్యాక అతను జట్టు వదిలి వెళ్ళిపోతాడు. అదే రోజు కిట్టీ ప్రైడ్ అనే పదమూడేళ్ళ పిల్ల ఆ స్కూల్లో చేరడానికి వస్తుంది. పగలు చదువు, వెలుతురు ఉన్నప్పుడు.