ఫ్లాట్‌లో కుక్క, పిల్లి ఉంటే చెత్త ఎలా తగ్గించాలి? (విజయవాడ)

పటమట_లాబ్:
అందరికీ నమస్తే. మాది పటమటలో అపార్ట్‌మెంట్, ఒక లాబ్రడార్, ఒక పిల్లి ఉన్నాయి. మా చెత్తబుట్టలో సగం వీటివే, పిల్లి లిట్టర్ (అది మలమూత్రాలకి వెళ్ళే ట్రేలో పోసేది), ఫుడ్ ప్యాకెట్లు, కుక్క మలం ఎత్తే కవర్లు. పొద్దున్నే బందరు కాలువ వైపు వాకింగ్‌కి వెళ్తే చాలామంది కుక్కని గట్టు మీద కూర్చోబెట్టి, మలం ఎత్తకుండా అలాగే వదిలేసి పోతున్నారు, చూస్తే కడుపు మండిపోతుంది. నేను కవర్లో ఎత్తుతాను, కానీ అది కూడా ప్లాస్టిక్కే కదా. ఆన్‌లైన్‌లో వెదురు గిన్నెలు, ఆర్గానిక్ షాంపూలు అని చూపిస్తున్నారు, వాటివల్ల నిజంగా ఉపయోగం ఉందా? మాకు పెరడు లేదు, బాల్కనీలో నాలుగు కుండీలే.

బ్రాడీపేట_పిల్లులు:
గిన్నెలు కొనకండి, ఇంట్లో పాత స్టీలు గిన్నె ఉంటే అంతకంటే మంచిది లేదు. ముందు లిట్టర్ సంగతి చూడండి. తడి తగలగానే గడ్డకట్టే రకం అయితే అది బెంటోనైట్ మట్టి, గుజరాత్‌లో కచ్ లాంటి చోట్ల గనుల్లో తవ్వి తీస్తారు, వాడి పారేశాక కుళ్ళదు, అలాగే ఉండిపోతుంది. టాయిలెట్లో పోస్తే పైపులో ఉబ్బి బిగుసుకుంటుంది కాబట్టి ఆ పని అసలు చేయొద్దు. గుంటూరులో నేను సామిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చి వాడుతున్నాను. మెత్తటి పొడి కాకుండా కాస్త ముతకది అడగండి, ప్లైవుడ్ కోసిన పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది. ఊక కూడా చూశాను, తడి పీల్చదు, కాళ్ళకి అంటుకుని ఇల్లంతా వస్తుంది. ఒకేసారి మార్చేస్తే పిల్లి అలిగి మంచం కింద కానిచ్చేస్తుంది, పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ రండి.

ఇంకో మాట, పొట్టు మట్టిలో కలిసిపోయేదే కదా అని మలంతో సహా కుండీలో వేయకండి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, కడుపుతో ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. ఇంట్లో చేసే కంపోస్టుకి దాన్ని చంపేంత వేడి రాదు.

గన్నవరం_వెట్:
పై మాట కుక్క మలానికీ వర్తిస్తుంది, నులిపురుగుల గుడ్లు మట్టిలో చాలాకాలం బతుకుతాయి. కరివేపాకు, టమాటా మొక్కల దగ్గరకి రానివ్వొద్దు. కాలువ గట్టు గురించి మీరు బాధపడింది సరైనదే. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ విజయవాడలోంచే పోతాయి, కింద డెల్టాలో ఎన్నో ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు ఈ కాలువల నీళ్ళతోనే నింపుతారు. గట్టు మీద వదిలింది ఒక్క వానకి నీళ్ళలోకే పోతుంది. న్యూస్‌పేపర్ మడిచి దాంతో ఎత్తండి, ఇంటికొచ్చి మలం మాత్రం టాయిలెట్లో వేసి పేపర్ చెత్తలో వేయండి. కవరే కావాలంటే ఐఎస్ 17088 (కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కి మన దేశపు ప్రమాణం) అని ముద్ర ఉన్న కంపోస్టబుల్ రకం తీసుకోండి, ఊరికే ఆకుపచ్చ రంగు చూసి కొనొద్దు.

పిడుదులకి మెడ మీద వేసే చుక్కల మందు వాడుతుంటే కుక్కని కాలువలోకి దింపొద్దు. ఆ చుక్కల్లో ఉండే ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు నీళ్ళలో ఉండే చిన్న పురుగుల్ని చంపేస్తాయి, చేపలకి అవే తిండి.

సత్యనారాయణపురం_అన్న:
అమ్మా, తిండి దగ్గరే ఎక్కువ చెత్త తగ్గించొచ్చు. ఆ ప్యాకెట్లు పొరలు పొరలుగా అతికించిన ప్లాస్టిక్, పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. చికెన్ షాపులో కందనకాయ, గుండెకాయ అడిగి తెచ్చుకోండి, స్టీలు డబ్బా పట్టుకెళ్తే కవరు కూడా వద్దు. కార్జం మాత్రం కొంచెమే. అన్నం, గుమ్మడికాయ, గుడ్డు కలిపి ఉడకబెడితే కుక్కకి బాగుంటుంది. ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు, ఉడికిన ఎముకలు పెట్టకూడదు.

గన్నవరం_వెట్:
అన్న చెప్పింది కుక్కకి సరిపోతుంది, కానీ ఒక్కసారి డాక్టర్‌కి చూపించి కాల్షియం వగైరా సరిచూసుకోండి. పిల్లికి అన్నం మీద నెట్టుకురావడం కుదరదు, దానికి మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం కావాలి, లేకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. దానికి ప్యాకెట్ ఫుడ్డే పెడుతుంటే పెద్ద సంచి కొనండి, చిన్న పౌచ్‌లు మానేయండి.

పటమట_లాబ్:
అందరికీ థాంక్స్ అండీ. రేపటి నుంచే న్యూస్‌పేపర్, గట్టు మీద కనిపించే వాళ్ళకి కూడా ఒకటి చేతికిస్తాను. పటమట, ఆటోనగర్ వైపు ముతక పొట్టు దొరికే సామిల్లు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.