పాత యూజర్ ఖాతా నుంచి కొత్త ఖాతాకు థండర్‌బర్డ్ మెయిల్ మార్చాక «ప్రొఫైల్ తెరవలేము» అని వస్తోంది

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మా కార్యాలయంలో ఉబుంటు 22.04 నడుస్తున్న ఒక కంప్యూటర్‌లో ఇన్నాళ్లూ మెయిల్ చూసిన పెద్దాయన పదవీ విరమణ చేశారు. ఆయన స్థానంలో వచ్చిన ఉద్యోగికి అదే కంప్యూటర్‌లో వేరే యూజర్ ఖాతా తెరిచాము. మెయిల్ అంతా పాప్ పద్ధతిలో దిగుమతి అయ్యేది కాబట్టి పాత ఉత్తరాలేవీ సర్వర్‌లో లేవు, ఈ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. కార్యాలయపు ఉత్తర ప్రత్యుత్తరాలు కాబట్టి వాటిని కొత్త ఉద్యోగికి అప్పగించడానికి ఆయనా, మా పై అధికారీ రాతపూర్వకంగా అంగీకరించారు.

పాత ఖాతా హోమ్‌లోని (ఆ యూజర్ సొంత ఫోల్డర్) థండర్‌బర్డ్ ఫోల్డర్‌ను (పేరు ముందు చుక్క ఉండే దాచిన ఫోల్డర్) కొత్త ఖాతాలోకి కాపీ చేయబోతే, చదవడానికి అనుమతి లేదని వచ్చింది. అందుకని సుడోతో, అంటే నిర్వాహక హక్కులతో, కాపీ చేశాను. కాపీ పూర్తయింది గాని, కొత్త ఖాతాలో థండర్‌బర్డ్ తెరిస్తే ప్రొఫైల్ (ఉత్తరాలు, అమరికలు ఉండే ఫోల్డర్) దొరకడం లేదనో, అందుబాటులో లేదనో చెప్పి మూసుకుపోతోంది. ఉత్తరాలకు నష్టం కలగకుండా దీన్ని సరిచేసే మార్గం దయచేసి తెలుపగలరు.

మొదటి సమాధానం

ఆ ఫోల్డర్ మొత్తానికి, అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ ఆదేశంతో 777 ఇవ్వండి. వెంటనే తెరుచుకుంటుంది.

రెండవ సమాధానం

పైన చెప్పిన పద్ధతిలో ప్రోగ్రాం తెరుచుకునే మాట నిజమే అయినా, దయచేసి అలా చేయవద్దని ప్రశ్న అడిగినవారిని కోరుతున్నాను. 777 అంటే ఆ ఫైళ్లను చేరుకోగలిగిన ప్రతి యూజరూ, ప్రతి ప్రోగ్రామూ వాటిని చదవవచ్చు, మార్చవచ్చు, చెరిపివేయవచ్చు. ఆ ఫోల్డర్‌లో ఉండేవి ఉత్తరాలు మాత్రమే కావు. లాగిన్స్ డాట్ జేసన్, కీ4 డాట్ డీబీ అనే రెండు ఫైళ్లలో మెయిల్ ఖాతాల పాస్‌వర్డ్‌లు దాగి ఉంటాయి. వాటికి తాళంలా ఉండే ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోని పక్షంలో ఆ రెండూ చేతికి చిక్కినవారు పాస్‌వర్డ్‌లను బయటికి తీయగలరు. థండర్‌బర్డ్ తన ఫోల్డర్లను 700తోనూ, ఇలాంటి ఫైళ్లను 600తోనూ, అంటే యజమాని ఒక్కరికే అందేలా, ఉంచేది ఇందుకే.

అసలు సమస్య అనుమతులు తక్కువై రాలేదు, యజమాని మారడం వల్ల వచ్చింది. లైనక్స్ ప్రతి ఫైలుకూ యజమానిని ఒక సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది. ఉబుంటులో మొదట తెరిచిన ఖాతాకు సాధారణంగా 1000, తర్వాతి దానికి 1001 వస్తాయి. నిర్వాహక ఖాతా అయిన రూట్‌కు ఎప్పుడూ సున్నా. మీరు సుడోతో మామూలు కాపీ చేశారు కాబట్టి కొత్త ప్రతులకు రూట్ యజమాని అయ్యాడు. 700 ఉన్న ఫోల్డర్‌కు రూట్ యజమాని అయితే, అది కొత్త ఉద్యోగి హోమ్‌లోనే ఉన్నా ఆమె అందులో అడుగు పెట్టలేరు. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ ఆదేశానికి చిన్న ఎల్, దాచినవి కూడా చూపే చిన్న ఏ జోడించి చూస్తే యజమాని, గ్రూప్ వరుసల్లో రెండు చోట్లా రూట్ అని కనిపిస్తుంది. అసలు మొదట మీకు చదవడానికి అనుమతి లేకపోవడానికి కారణం వేరు: ఉబుంటు 21.04 నుంచి కొత్తగా తెరిచే ఖాతాల హోమ్ ఫోల్డర్లకు 750 ఇస్తున్నారు, కాబట్టి ఒకరి ఇంట్లోకి మరొకరు తొంగి చూడలేరు. ఆ ఏర్పాటు మంచిదే, దాన్ని సడలించనవసరం లేదు.

చేయవలసింది ఇది. రెండు ఖాతాల్లోనూ థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసివేయండి. పాత ఖాతాలోని మూల ఫోల్డర్‌ను ముట్టుకోకుండా అలాగే ఉంచండి. ఏదైనా తేడా వస్తే మీకు ఆధారం అదొక్కటే. కొత్త ఖాతాలోని ప్రతిలో, ప్రొఫైల్ ఫోల్డర్ లోపల లాక్ అనే లింకూ, చుక్కతో మొదలయ్యే పేరెంట్‌లాక్ అనే ఫైలూ ఉంటే తొలగించండి. లాక్ అనేది ఎటూ చేరని లింకు కావడంతో, దాన్ని ఉంచితే తర్వాతి ఆదేశం అక్కడ ఒక లోపాన్ని చూపే అవకాశం ఉంది.

ఆ తర్వాత సుడోతో, యజమానిని మార్చే సీహెచ్‌ఓన్ ఆదేశాన్ని పెద్ద ఆర్‌తో (లోపలి ఫైళ్లన్నిటికీ వర్తించేలా) కలిపి, కొత్త యూజర్ పేరు, కోలన్, కొత్త గ్రూప్ పేరు, చివర థండర్‌బర్డ్ ఫోల్డర్ పూర్తి దారి ఇచ్చి నడపండి. చివరి దారిని ఒకటికి రెండుసార్లు చదువుకున్నాకే ఎంటర్ నొక్కండి, ఎందుకంటే పొరపాటున మరో ఫోల్డర్ ఇస్తే అందులోని ప్రతి ఫైలు యజమానీ మారిపోతాడు. ఎవరైనా ఇంతలో 777 ఇచ్చి ఉంటే, సుడోతో సీహెచ్‌మాడ్ నడిపి, ఒకే ఆదేశంలో ముందు అందరికీ ఉన్న అనుమతులన్నీ తీసివేసి, తర్వాత యజమానికి చదివే, రాసే హక్కులతో పాటు పెద్ద ఎక్స్ ఇవ్వండి. చిన్న ఎక్స్ ఇస్తే ఉత్తరాల ఫైళ్లన్నీ నడపదగిన ప్రోగ్రాములుగా గుర్తింపు పొందుతాయి. పెద్ద ఎక్స్ ఫోల్డర్లకూ, అప్పటికే ఆ గుర్తు ఉన్న ఫైళ్లకూ మాత్రమే వర్తిస్తుంది; 777 ప్రతి ఫైలుకూ ఆ గుర్తు పెడుతుంది కాబట్టే ముందు అన్నిటినీ తీసివేయాలి.

ఇంకొక్క మనవి. ప్రోగ్రాం తెరుచుకోవడం లేదని ఎన్నడూ సుడోతో థండర్‌బర్డ్ నడపకండి. అది సృష్టించే కొత్త ఫైళ్లకు మళ్లీ రూటే యజమాని కావచ్చు. అప్పుడు ఫోల్డర్ చదవగలిగినా రాయలేని స్థితి ఏర్పడి, థండర్‌బర్డ్ ఇప్పటికే నడుస్తోంది కాని స్పందించడం లేదనే సందేశం వస్తుంది. దాన్ని నమ్మి నడవని ప్రోగ్రాం కోసం వెతుకుతూ చాలామంది కాలం వృథా చేసుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

మీ వివరణకు హృదయపూర్వక ధన్యవాదాలు. 777 ఇవ్వలేదు. సీహెచ్‌ఓన్ చేశాక థండర్‌బర్డ్ తెరుచుకుంది, ఇన్‌బాక్స్, పంపిన ఉత్తరాలు అన్నీ కనిపిస్తున్నాయి. అయితే లోకల్ ఫోల్డర్స్ కింద ఆయన సంవత్సరాల వారీగా దాచిన ఉత్తరాలు మాత్రం కనిపించడం లేదు. ఆ ఫైళ్లు కాపీ అయిన ప్రొఫైల్‌లో కూడా లేవు. అవి ఆయన హోమ్‌లో డాక్యుమెంట్స్ కింద ఉన్నట్టు ఇప్పుడే చూశాను.

మూడవ సమాధానం

అయితే ఆయన ఎప్పుడో ఖాతా అమరికల్లో లోకల్ డైరెక్టరీని డాక్యుమెంట్స్‌కు మార్చి ఉంటారు. ప్రొఫైల్‌లోని ప్రెఫ్స్ డాట్ జేఎస్ ఫైలులో ఒక్కో మెయిల్ ఖాతాకూ ఉత్తరాలు ఎక్కడున్నాయో రాసి ఉంటుంది. ఆ దారిని ప్రొఫైల్ ఉన్న చోటి నుంచి లెక్కించి కూడా రాస్తుంది కాబట్టి, ప్రొఫైల్ లోపలే ఉన్న ఇన్‌బాక్స్ అది ఎక్కడికి మారినా దొరికింది. బయట ఉన్న ఫోల్డర్ మాత్రం ప్రొఫైల్‌తో పాటు కాపీ కాలేదు, పాత హోమ్‌లోనే మిగిలింది. పాత ఆయన ఇంటి తలుపు కొత్త ఉద్యోగి థండర్‌బర్డ్ తట్టినా, 750 ఉన్నందువల్ల అది తెరుచుకోదు.

ఆ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోని ఉత్తరాలను కూడా కొత్త హోమ్‌లోకి కాపీ చేసి, యజమానిని పైన చెప్పినట్టే మార్చండి. తర్వాత థండర్‌బర్డ్‌లో ఖాతా అమరికలు తెరిచి, లోకల్ ఫోల్డర్స్ ఎంచుకుని, లోకల్ డైరెక్టరీ దగ్గర కొత్త ఫోల్డర్‌ను చూపించండి. ప్రెఫ్స్ ఫైలును చేత్తో దిద్దడం కంటే ఇది క్షేమం. పొడిగింపు లేని ఫైళ్లే అసలు ఉత్తరాలు; ఎంఎస్‌ఎఫ్ అని ముగిసేవి వాటి సూచికలు మాత్రమే. జాబితా తప్పుగా కనిపిస్తే ప్రోగ్రాం మూసి ఎంఎస్‌ఎఫ్ ఫైళ్లను తీసివేయవచ్చు, అవి మళ్లీ తయారవుతాయి.

కాపీకి పెన్‌డ్రైవ్ వాడాలనుకుంటే, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉన్న డ్రైవ్‌లో లైనక్స్ యజమాని వివరాలు నిలవవని గమనించండి. టార్ ఫైలుగా కట్టి పెడితే అవి భద్రంగా ఉంటాయి.

ముందుముందు ఈ కంప్యూటర్‌ను ఉబుంటు 24.04కు మార్చితే, అక్కడ థండర్‌బర్డ్ స్నాప్‌గా (మిగతా వ్యవస్థ నుంచి వేరుగా నడిచే ప్యాకేజీగా) వస్తుంది. ప్రొఫైల్ అప్పుడు హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్ కింద, థండర్‌బర్డ్, కామన్ అనే ఫోల్డర్ల లోపల ఉంటుంది. అంతేకాక, ఇతర యూజర్లకు చెందిన ఫైళ్లను స్నాప్ భద్రతా నియమాలు విడిగా అడ్డుకుంటాయి కాబట్టి, గ్రూప్ అనుమతి ఇచ్చి ఉమ్మడి ఫోల్డర్ నుంచి మెయిల్ నడిపే ఏర్పాటు అక్కడ సాగదు. ఉత్తరాలన్నిటినీ ఇప్పుడే కొత్త ఉద్యోగి పేరిట, ఆమె హోమ్ లోపల ఒకే చోటికి చేర్చడం మంచిది. అన్నీ తెరిచి చదివి చూసుకున్నాకే పాత ఖాతాను తొలగించండి.